లోన్ అంటే ఇల్లు

ఒక మాట నాకు రాదని అబద్ధం చెప్పి ఆరేళ్ళయింది. రెండక్షరాల మాట. దాన్ని లోపల పెట్టుకునే అన్నం తిన్నాను, పెళ్ళిళ్ళకు పోయాను, నలుగురిలో నవ్వాను. నా భర్తకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

బొగ్గు కోసం తవ్విపోసిన ఓపెన్‌కాస్టు మట్టిగుట్టల వెనక కోయ కుటుంబాలు కొన్ని పరదాలు కట్టుకుని బతుకుతున్నాయి. తుపాకులకు భయపడి, ఛత్తీస్‌గఢ్ అడవుల్లో ఊళ్ళు వదిలేసి వచ్చినవాళ్ళు. వాళ్ళ పిల్లలకు గోదావరిఖనిలో మేం నలుగురం, బొగ్గుబాయి పనివాళ్ళ ఇళ్ళ ఆడవాళ్ళం, ఖాళీ క్వార్టరు ఒకటి అడిగి తీసుకుని బడి పెట్టాం. తలకు నూనె, మధ్యాహ్నం అన్నం, జ్వరమొస్తే గోలీ, నాలుగక్షరాలు. మంచి పనే. మంచి పని చేస్తున్నానన్న పొగరు ఎంత చెడ్డదో మాత్రం నాకు అప్పుడు తెలియదు.

ఆ పిల్లల్లో జోగి ఒకతి. ఎనిమిదేళ్ళుంటాయి. ఒకసారి పలక మీద బొమ్మ గీసి "ఇల్లు" అన్నాను. "లోన్" అంది. వాళ్ళ భాషలో ఇంటిని లోన్ అంటారు. నేను "లోన" అన్నాను, మా ఇళ్ళలో లోన అంటే బాయి లోపలే కదా. పిల్లలంతా పడీ పడీ నవ్వారు. జోగి నవ్వలేదు. నా గడ్డం పట్టుకుని, మాట సరిగ్గా వచ్చేదాకా మూడుసార్లు అనిపించింది. ఆ మాటకు నా పంతులమ్మ అదే.

హైదరాబాదు నుంచి పెద్దలు కొందరు పిల్లలకు బ్యాగులు పంచడానికి వస్తామన్నారు. వాళ్ళ ముందు చెప్పడానికి జోగికి నెల రోజులు నేర్పాను. నా పేరు జోగి, మా ఊరు గోదావరిఖని, మా ఇల్లు ఇక్కడే. మిగతావాళ్ళు తడబడతారు, ఇది తడబడదు. ఆ రోజు పొద్దున బడికి వస్తూనే నా కొంగు పట్టుకుంది. ఒళ్ళు కాలిపోతోంది. "లోన్" అంది. మళ్ళీ "లోన్" అని గుట్టల వైపు చెయ్యి చూపించింది.

చెయ్యి కూడా చూపించింది కదా, నాకు ఇంకేం కావాలి? పది నిమిషాల నడక. ఎవరినైనా తోడిచ్చి పంపితే అయిపోయేది. నేను గోలీ వేసి గోడవారగా కూర్చోబెట్టాను. పెద్దలు మధ్యాహ్నం దాటాక వచ్చారు. అది లేచి నిలబడి, వణుకుతూ, మూడు ముక్కలూ తప్పు లేకుండా చెప్పింది. చప్పట్లు కొట్టారు. ఒకావిడ నాతో "ఎంత బాగా నేర్పారమ్మా" అంది. నాకు సంతోషమైంది. అది దాచను, ఆ క్షణంలో నాకు నిజంగానే సంతోషమైంది.

తర్వాత దాన్ని లోపలి గదిలో చాప మీద పడుకోబెట్టాను. టీలు, ఫోటోలు అయ్యేసరికి ఫిట్సు వచ్చాయి. ఆటోలో దవాఖానకు ఉరికాం. జ్వరం మెదడుకెక్కిందన్నారు, పొద్దున్నే తేవలసిందన్నారు. తెల్లారి జోగి చనిపోయింది.

దాని తల్లి సోమిడి దవాఖాన మెట్ల మీద కూర్చుని నన్ను ఒకటే అడిగింది.

"ఇంటికి వోతనన్లేదా అక్కా? ఏమన్నది నా బిడ్డ?"

"లోన్ లోన్ అన్నది సోమిడీ. లోన పండుకుంటనంటుందేమో అనుకున్న. పండవెట్టిన."

ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"మా మాట నీకేం ఎరుక అక్కా. రంది పెట్టుకోకు."

బిడ్డను పోగొట్టుకున్న మనిషి నన్ను ఓదార్చింది. నేను ఓదార్చనిచ్చాను. ఆ అబద్ధం ముందే అనుకున్నదా, అప్పటికప్పుడు నోటికొచ్చిందా? ఎన్నిసార్లు తవ్వుకున్నా తేలదు. ఇంటికి పంపితే మాత్రం ఏం చేసేవాళ్ళు, ఆకు పసరు పోసేవాళ్ళేగా అని కొన్నాళ్ళు నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అదీ అబద్ధమే. అంతకుముందు జ్వరమొచ్చిన రెండుసార్లూ సోమిడి దాన్ని వీపున కట్టుకుని దవాఖానకు నడిచింది, నేను కళ్ళారా చూశాను.

ఇంకోసారి ఇట్లా కావద్దని మావాళ్ళు కోయ మాటల పట్టిక ఒకటి బడి గోడకు పెడదామన్నారు. దస్తూరి బాగుంటుందని నన్నే రాయమన్నారు. మొదటి వరసలోనే "లోన్ అంటే ఇల్లు" అని గుండ్రంగా రాశాను. ఏం మనిషిని నేను?

ఇప్పుడు సోమిడి చిన్నకూతురు మా బడికే వస్తోంది. "నీ కాడైతెనే మంచిగుంటది అక్కా" అని తల్లే తెచ్చి దింపింది. సోమిడికి చదువు రాదు. ఇదంతా రాసి ఆమె ముందు పెట్టినా ఆమెకు తెలియదు. ఆ ధైర్యంతోనే మొదలుపెట్టాను, నా ధైర్యం అంతటిది.

క్షమించమని ఎవరినీ అడగడం లేదు. రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది, అంతే. చిన్నదానికి గుణింతాలు వచ్చాయి, ఒత్తులు ఇంకా రాలేదు. అందుకని ఒత్తులు లేని మాటలతో ఒక్క వరస వేరే కాగితం మీద రాసి పెట్టాను. తల్లికి చదివి వినిపించమని దాని చేతికి ఇస్తానా, నా తప్పు ఆ పసిదాని నోటితో చెప్పించడం ఇంకో పిరికితనం కాదా? నా నోటితోనే చెప్పాలి. ఆ వరస ఇదీ.

నాకు ఆ మాట తెలుసు.