రంగంలో ఆట, కళింగపట్నంలో పున్నమి

ఈ ప్రయాణం విజయనగరం స్టేషనులో, టీ దుకాణం ముందు మొదలైంది. ఇండియా జట్టు రంగూన్‌లో బర్మాతో ఫుట్‌బాల్ ఆడబోతోందని పేపర్లో చిన్న వార్త వచ్చింది. దాని మీద ఇద్దరు రైల్వే గుమాస్తాలు గొంతులు చించుకుంటున్నారు. జకార్తాలో మనకు బంగారు పతకం వచ్చిందని ఒకాయన అంటే, నిరుడు బాంకాక్‌లో అదే పతకం బర్మాకు వెళ్లిందని రెండో ఆయన గుర్తుచేశాడు. ఆట మన రేడియోలో రాదన్న దగ్గర మాత్రం ఇద్దరికీ పొత్తు కుదిరింది. టీ కాస్తున్న మనిషి మధ్యలో కల్పించుకున్నాడు. "కళింగపట్నం ఎల్లండి బాబూ. రంగం రేడియో సముద్రం మీంచి తిన్నగా వచ్చీస్తాది. అప్పలసూరి హోటల్లో పెడతారు." ఈ ప్రాంతంలో రంగూన్‌ను రంగం అంటారు. ఒకప్పుడు ఇక్కడి పల్లెల నుంచి ఓడెక్కి అక్కడికి పనికి వెళ్లినవాళ్లు ఎందరో. శాలిహుండం కొండ మీది బౌద్ధ స్తూపాలు చూడాలని నాకు చాలా కాలంగా ఉంది. అదీ ఆ దారిలోనే. ఆట కార్తీక పౌర్ణమి నాడు పడింది. ఒక రోజు సెలవు పెట్టాను.

పొద్దున్నే ప్యాసింజరు ఎక్కితే ఎండ ముదరకముందే ఆముదాలవలసలో దిగవచ్చు. స్టేషను పేరు శ్రీకాకుళం రోడ్డు అని ఉంటుంది కనుక కొత్తవాళ్లు ఊరు వచ్చేసిందనుకుంటారు. ఊరికి అక్కడి నుంచి మళ్లీ బస్సెక్కాలి. మూడో తరగతి టికెట్టు రెండు రూపాయల లోపే, ఆ తర్వాతి బస్సులకు మరో రూపాయిన్నర చాలు. నాగావళి వంతెన మీద బస్సు కాసేపు ఆగింది. తెల్లవారుజామున ఆడవాళ్లు వదిలిన అరటిదొప్పల దీపాలు ఆరిపోయి, కింద ఇసుక ఒడ్డున బారుగా చేరి ఉన్నాయి. నీళ్లు కదిలినప్పుడల్లా అవీ కదులుతున్నాయి.

శ్రీకాకుళంలో కళింగపట్నం బస్సెక్కితే కండక్టరు నా చేతిసంచీ చూసి, "ఆటకేటి బాబూ?" అన్నాడు. అవునన్నాను.

"ఇండియాయా, రంగమా?"

"వినడానికి వెళుతున్నాను."

"ఇనడానికైతే పర్లేదు. పోయినేడు కొట్టుకున్నారు. ఈపాలి నవ్వీరంటే సూరి రేడియో కట్టీస్తాడు. జాగర్త."

శాలిహుండం మలుపులో దిగి, పొలాల గట్టు మీదుగా నడిచి కొండ ఎక్కాను. పైన ఇటుక స్తూపాలు, గుండ్రటి పునాదులు, వాటి మధ్య మేకలు. కాపలా మనిషి నిద్రపోతున్నాడు. కింద వంశధార వెడల్పుగా, చప్పుడు లేకుండా పోతోంది. తూర్పున సముద్రం ఒక గీతలా కనిపిస్తోంది, గీతకు పైనా కిందా ఒకటే రంగు. ఏది నీరో ఏది ఆకాశమో చెప్పడం కష్టం. గంటసేపు కూర్చుని, దిగి, తర్వాతి బస్సు పట్టుకున్నాను.

కళింగపట్నం రేవుకు ఇప్పుడు ఓడలు రావు. లైట్‌హౌసు ఉంది, కప్పు పోయిన గిడ్డంగులు ఉన్నాయి, వాటి గోడల లోపల ఇసుక మోకాలి ఎత్తున పేరుకుంది. అప్పలసూరి హోటలు సముద్రానికి ఎదురుగా వేసిన తాటాకు పాక. గూట్లో బ్యాటరీ రేడియో, దాని నుంచి కొబ్బరిచెట్టు దాకా లాగిన తీగ. రెండు బెంచీలు ఎదురెదురుగా వేశారు. ఒకదాని మీద ఊరివాళ్లు. రెండోదాని మీద "రంగమోళ్లు", అంటే కొన్నేళ్ల కిందట బర్మా ప్రభుత్వం పొమ్మంటే తలో ట్రంకుపెట్టెతో ఓడ దిగినవాళ్లు.

రేడియో పక్కన పీట వేసుకుని నలభై దాటిన ఒకావిడ కూర్చుంది. పేరు పైడమ్మ. రంగంలో పుట్టి అక్కడి బడిలో బర్మా భాషలోనే చదువుకుంది. ఆమె భర్త గురయ్యకు, తక్కిన మగవాళ్లకు రేవులో మూటలు మోయడానికి సరిపడా భాషే వచ్చు. వ్యాఖ్యాత వేగం వాళ్లకు అందదు. అందువల్ల ఆట చెప్పే పని పైడమ్మది. మామూలు రోజుల్లో ఆమె ఇక్కడే శనగపిండి, కొబ్బరిపాలు పోసి రంగం సేమ్యా వండి అమ్ముతుంది. ఈ రోజు పొయ్యి మీద టీ తప్ప మరేదీ లేదు. ఆమెకు, వంటగదిలో ఉన్న సూరి భార్య లచ్చమ్మకు పౌర్ణమి ఉపవాసం. చంద్రుణ్ణి చూశాకే తిండి.

పోయిన ఏడు బర్మా గెలిస్తే రంగమోళ్లు బెల్లం పంచారు. ఆ బెల్లమే తగువు తెచ్చింది. అప్పటిదాకా రేడియో అద్దం మీద రంగం స్టేషను దగ్గర ఒక సున్నం బొట్టు ఉండేదట. ముల్లు అక్కడికి తెస్తే చాలు, ఆ ఊరు పలికేది. తగువు రోజు సూరి ఆ బొట్టు గోకేశాడు. ఇన్నాళ్లకు మళ్లీ ఒక ఒప్పందం మీద ముల్లు తిప్పాడు. దాన్ని నాకూ చెప్పాడు. "ఆట ఒక్కటే సెప్పాల. ఇంకో ముక్క కలపకూడదు. ఏ పక్క గెలిసినా ఎవుళూ నవ్వకూడదు. మాట తప్పితే కట్టీస్తాను. మరింక జన్మలో రంగం పెట్టను."

సూరి స్టేషను వెతుకుతున్నంతసేపూ పైడమ్మ అతని వేళ్లనే చూస్తోంది. "మా సెల్లి అక్కడే ఉండిపోనాది బాబూ" అంది నాతో మెల్లిగా. "ఉత్తరం ముక్క లేదు. ఆ ఊరి మాట ఈ పెట్టిలోనే ఇంటాను. సూరన్న ఇది కట్టీస్తే నాకా ఊరు లేనట్టే."

ఆట ఇంకా మొదలవలేదు. బెంచీలు మొదలెట్టాయి.

"మావోళ్లు ఈపాలి మూడు కొడతారు" అన్నాడు గురయ్య.

"మీవోళ్లెవుళ్రా? నీ రేసనుకార్డు ఎక్కడిది?" అన్నాడు సూరి.

"కార్డు ఇక్కడిదే. మా తాత మూటలు మోసింది ఆ రేవులో. నా పిల్లలు పుట్టింది ఆ ఊళ్లో. ఆళ్లు మావోళ్లు కాదేటి?"

"అలగైతే తరిమీసినారెందుకో?"

గురయ్య బీడీ నేలకేసి నలిపాడు. "తరిమింది గవుర్మెంటు. బంతాడే కుర్రగుంటలు కాదు."

మూడు గంటలకు రేడియోలో ఈల వినిపించింది. జనం గోల కెరటంలా దగ్గరికి వచ్చి, దూరమై, మళ్లీ వస్తోంది. ఎదురుగా సముద్రం కూడా అదే పని చేస్తోంది. కొంతసేపటికి ఏది ఏ హోరో తెలియలేదు. పైడమ్మ కళ్లు మూసుకుని చెబుతోంది. "బర్మా ఎడం పక్కనుంచి. ఇండియా లాక్కుంది. బంతి బైటికెల్లిపోనాది." రెండు జట్లకూ ఒకటే గొంతు. సగం ఆటకు ముందు, "బర్మాకి ఒకటి" అంది. అదీ ఆ గొంతుతోనే. గురయ్య పెదాలు బిగపట్టి తాటాకు కప్పును చూశాడు. ఊరి బెంచీలో ఒకతను, "మీసాల్లో నవ్వుతున్నాడు, సూడండ్రా" అన్నాడు. "నాకు మీసాలెక్కడ?" అన్నాడు గురయ్య. నిజంగానే లేవు.

రెండో సగంలో ఇండియా ఒత్తిడి పెంచిందని పైడమ్మ మాటల్ని బట్టి తెలుస్తోంది. "ఇండియా. మళ్లీ ఇండియాయే. దగ్గరకొచ్చీసినారు. కొట్టేరు. గోల్‌కీపరు ఆపీసినాడు. మళ్లీ ఇండియా." ఊరి బెంచీ ముందుకు జరిగింది. రేడియోలో జనం ఒక్కసారిగా ఓ అన్నారు. వ్యాఖ్యాత ఏదో చెప్పి చిన్నగా నవ్వాడు.

పైడమ్మ ఆగిపోయింది.

"ఏటైనాది?" అన్నాడు సూరి. ఆమె పలకలేదు. "గోలా?" పలకలేదు.

"దాస్తన్నాది! ఇండియా కొట్టీసుంటాది!" అని ఊరి బెంచీలోంచి ఒకతను అరిచాడు.

"నా ఆడదాన్ని అబద్ధాలకోరంటావేట్రా?" అంటూ గురయ్య లేచాడు. అవతల ముగ్గురు లేచారు. సూరి అందరికంటే ముందు రేడియో దగ్గరికి వెళ్లి మీట మీద చెయ్యి వేశాడు. "పైడమ్మా, ఏటైనాదో సెప్పు. నేకపోతే కట్టీస్తాను. మాటంటే మాటే."

"సెంద్రుడొచ్చేడు" అంది పైడమ్మ.

ఎవరికీ అర్థం కాలేదు.

"రంగంలో సెంద్రుడొచ్చేడంట. జనం కూకునే మెట్ల మీంచి పైకొచ్చేడంట. ఆట మానీసి అందరూ అటు సూస్తన్నారంట. అదీ ఆ కేక."

అందరూ సముద్రం వైపు తిరిగారు. నీళ్ల మీద ఎండ ఇంకా పచ్చగా ఉంది. చంద్రుడు లేడు.

"ఆట ఒక్కటే సెప్పమన్నాను గదా" అన్నాడు సూరి. చెయ్యి ఇంకా మీట మీదే ఉంది.

"సెప్పకుండా ఉండలేకపోనాను సూరన్నా. మా సెల్లికీ ఈయేల ఉపాసమే. ఈపాటికి దీపమెట్టీసి, కంచం ముందు కూకుంటాది."

వంటగదిలోంచి లచ్చమ్మ తడి చేతులతో వచ్చింది. "సెంద్రుడొచ్చేడన్నారేటి? నాకు కడుపు కాలిపోతన్నాది."

"రంగంలో వచ్చేడే" అన్నాడు సూరి.

"అక్కడొస్తే నాకేటి? ఇక్కడికెప్పుడొస్తాడు?"

సూరి నా వైపు చూశాడు. రంగూన్ మనకు తూర్పున ఉంది కాబట్టి అక్కడ ముందు కనిపిస్తాడని, ఇక్కడికి ముప్పావు గంట పట్టవచ్చని చెప్పాను. ఆ లెక్క అతనికి నచ్చినట్టుంది. మీట మీది చెయ్యి తీశాడు. మళ్లీ వేసి, కొంచెం తిప్పాడు. రేడియో గొంతు పెరిగింది.

"ఇంకేటి సెప్తన్నాడు ఆడు?" అన్నాడు పీట పక్కన నేల మీద కూర్చుంటూ. "అక్కడా దీపాలెడతారా?"

"ఎందుకెట్టరు? బుద్ధుడి గుడి మెట్ల మీద పైనుంచి కింద దాకా. ఏటి మీద పడవల్లో కూడా."

"మనలాగే అరటిదొప్పల్లోనా?" అంది లచ్చమ్మ.

పైడమ్మ చెబుతూ పోయింది. వ్యాఖ్యాత చెప్పిందెంతో, ఆమెకు గుర్తున్నదెంతో నేను విడదీయలేను. గుడి బంగారు శిఖరం, అవతలి ఒడ్డు నుంచి వచ్చే పడవలు, ఆటస్థలం గేటు దగ్గర వేయించిన శనగలు అమ్మే ముసలిది. లేచినవాళ్లు ఎప్పుడు కూర్చున్నారో, ఎవరు ఏ బెంచీ మీద కూర్చున్నారో చూడలేదు. ఆట ఎప్పుడు అయిందో కూడా చూడలేదు. గమనించేసరికి రేడియోలో బర్మా పాట వస్తోంది. బ్యాటరీ దండగని సూరి పాటలు పెట్టనివ్వడట. ఆ సాయంత్రం ఆపలేదు.

పాకల వెనక పొద్దు దిగింది. తర్వాత నీటి అంచు మీద ఎర్రగా ఒక ముక్క, చూస్తుండగానే గుండ్రం. మొదట మాట్లాడినవాడు గురయ్య.

"ఒరే సూరీ, సూసేవా? మావోళ్లు కొట్టిన బంతి."

సూరి చంద్రుణ్ణి పరిశీలనగా చూశాడు. "ఇక్కడికొచ్చినాక మాదే" అన్నాడు.

అప్పుడు రెండు బెంచీలూ నవ్వాయి. రేడియో ఎవరూ కట్టేయలేదు. లచ్చమ్మ రెండు ఆకులు పక్కపక్కన వేసి, పైడమ్మ రెక్క పట్టుకుని కూర్చోబెట్టింది.

ఇరవై ఏళ్లుగా వార్తలు రాస్తున్నాను. ఆట దగ్గర ఉండి స్కోరు తెలుసుకోకుండా తిరిగి రావడం ఇదే మొదలు. విజయనగరం స్టేషనులో గుమాస్తాలు నా కోసం ఎదురుచూశారు. మొదటి గోలు దాకా చెప్పగలిగాను. మిగతాది తర్వాతి రోజు పేపర్లో ముగ్గురం కలిసి చదివాం. ఆ అంకెలు నిజమే, అవి ఎప్పుడైనా దొరుకుతాయి. హోటల్లో ఉన్నవాళ్లలో ఒక్కరు కూడా వాటిని అడగలేదన్నది పేపర్లో రాలేదు కనుక ఇక్కడ రాస్తున్నాను. ఆ రాత్రి సూరి పాకలోనే బెంచీ మీద పడుకున్నాను. పొద్దున్న టీ తాగుతూ రేడియో వైపు చూస్తే, అద్దం మీద ముల్లు ఆగిన చోట కొత్త సున్నం బొట్టు ఉంది, ఇంకా తడి ఆరలేదు. వెళ్లదలచినవారికి ఒక మాట. పున్నమి నాడు వెళ్లండి, కప్పుకోవడానికి దుప్పటి తీసుకెళ్లండి. శ్రీకాకుళానికి ఆఖరి బస్సు చంద్రుడు రాకముందే వెళ్లిపోతుంది. దాన్ని వెళ్లనివ్వండి.