పుస్తకం చూసి తెప్పించిన మీసాలు

చరిత్ర పాఠం చూసి సరుకు తెప్పించిన వ్యాపారి దిల్‌సుఖ్‌నగర్‌లో నేనొక్కణ్ణే. మునిగిందీ నేనొక్కణ్ణే. నవ్వుకోండి, నవ్వుకు కిరాయి తీసుకోను.

నాది నాటకాల వేషాలు కిరాయికిచ్చే దుకాణం. తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులు. ఎల్బీనగర్‌లో మా అమ్మాయి స్వప్న చదివే బడిలో నిజాం కాలపు సాయుధ పోరాటం మీద నాటకం పెట్టుకున్నారు. "పాఠంలో ఎలా ఉంటే అలాగే పంపండి, చాలు" అంది కోస్తా నుంచి వచ్చిన టీచరమ్మ. ఇంతకన్నా తేలిక బేరం ఉంటుందా? పుస్తకం తెరిచాను. బొమ్మల నిండా మగవాళ్ళే. ఒక మూల సద్దిమూట పట్టుకున్న ఆడమనిషి. లెక్క తేలిపోయింది: అంగీలు, నిక్కర్లు, తలపాగాలు, కట్టె తుపాకులు, గుర్రపు తోకల్లాంటి మీసాలు గంపెడు. చీర ఒక్కటే.

ఆ చీర స్వప్న చేతిలో పెట్టాను.

"నాకు తుపాకి కావాలె నాయినా."

"పుస్తకంల ఆడోళ్ళకు తుపాకి చూపియ్, రెండిస్త."

ముందుకీ వెనక్కీ తిరగేసింది. దొరకలేదు. కన్నబిడ్డను చిత్తు చేసిన పహిల్వాన్‌లా మీసం దువ్వుకున్నాను. దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

గల్లాపెట్టె పక్కన బొత్తాలు కుడుతున్న మా అమ్మ తలెత్తింది. నల్గొండ పల్లె నుంచి నా దగ్గరికొచ్చి చాలా ఏళ్ళయింది.

"చీర కట్టుకొని గుట్టలల్ల ఉరుకుతరారా?"

"మరేం తొడుక్కుంటరే?"

"గీ అంగీ, గీ నిక్కరే. జుట్టు గూడ కత్తిరించుకున్నం."

అంటూనే పిల్లకు మగవేషం తొడిగింది, తలపాగా చుట్టింది. తలపాగాకు జతగా దారంతో కట్టి ఉంచిన మీసం పీకి అవతల పడేసింది.

"గిదిగో, గిది నేను."

"నువ్వు దళంల ఉన్నవా? ఎన్నడు చెప్పలేదేందే?"

"నువ్వెన్నడు అడిగినవ్? చారుల ఉప్పెందుకు తక్కువైందనే అడిగితివి."

మర్నాటికి సంగతి బడంతా పాకింది. ఆడపిల్లలు తుపాకుల కోసం దుకాణం ముందు వరస కట్టారు. "దళమంతా ఆడపిల్లలే, మీసాలు వద్దండీ" అని టీచరమ్మే కబురు పంపింది.

ఇకమీదట పుస్తకాన్ని నమ్మి సరుకు తేనని గల్లాపెట్టె మీద చెయ్యేసి ఒట్టు పెట్టుకున్నాను.

ఆఖరి లెక్క ఇదీ. తుపాకులన్నీ కిరాయికి పోయాయి. చీర మిగిలింది, మీసాలు గంపెడు మిగిలాయి. అమ్మతో ఒకే ఇంట్లో ఉండి ఏమీ అడగకుండా గడిపిన ఏళ్ళు నష్టం కింద రాసుకున్నాను. అందులో జర తగ్గించమని అడిగే మొహం నాకు లేదు.