కేసు మీద పేరు

పాత అమెరికన్ జేబు గడియారాలు నాకు పదిహేనేళ్ల పిచ్చి. అందులోనూ ఒకే కంపెనీవి. రైళ్లు గుద్దుకుని మనుషులు చచ్చిపోతుంటే టైము తప్పని గడియారం కావాలని రైల్వేలు పట్టుబట్టాయి. ఆ గిరాకీతోనే ఆ కంపెనీ పైకొచ్చింది. తర్వాత చితికిపోయి ఫ్యాక్టరీ మూసేసింది, చివరికి పేరు కూడా అమ్ముకుంది.

అది చేసింది లోపలి యంత్రం మాత్రమే. పై కేసు చేసేవాళ్లు వేరు. కొనేవాడు దుకాణంలో యంత్రమొకటి, కేసొకటి ఎంచుకుంటే అక్కడే బిగించి ఇచ్చేవారు. కాబట్టి అసలు సరుకులోనే లోపల ఒక పేరు, కేసు మీద ఇంకో పేరు ఉంటాయి. ఈ సంగతి నాలాంటి పిచ్చివాళ్లకే తెలుసు.

అమెరికాలో మేముండే కాపెల్‌లో ఒక మిత్రుడి కూతురి గ్రాడ్యుయేషన్ పార్టీ. గుంతకల్లు నుంచి వచ్చిన ఆమె తాత, రిటైరైన రైల్వే గార్డు, జేబులోంచి ఒక గడియారం తీశాడు.

"మా నాయనకు దొర ఇచ్చిపోయినాడు. అమెరికాలో చేసింది, అమెరికా పిల్లకే ఇస్తాండా."

అందరూ చప్పట్లు కొట్టారు. ఎవరో దాన్ని నా చేతికిచ్చారు. వెనక మూత తిప్పాను. తొమ్మిదేళ్లుగా నేను వెతుకుతున్న యంత్రం! ఆ గదిలో ఎవరూ నా వైపు చూడటం లేదు.

"అంకుల్, లోపల ఒక కంపెనీ, కేసు ఇంకో కంపెనీది. మీరే చదవండి" అన్నాను. అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు.

"బాడీ కార్‌ది, ఇంజిన్ ఆటోదా బ్రో!" అన్నాడొకడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆయన కళ్లజోడు పెట్టుకుని రెండు పేర్లూ కూడబలుక్కుని చదివాడు.

"అంటే దొర మా నాయన్ని మోసం చేసినాడాప్పా?"

నేను కూల్‌డ్రింక్ గ్లాసు అందుకుని ఒక గుక్క తాగాను.

"ఇట్లాంటిది పాపకెట్లిచ్చేది? నువ్వే పెట్టుకో. స్పేర్లకైనా పనికొస్తుందేమో."

"థాంక్స్ అంకుల్" అని జేబులో వేసుకున్నాను.

రెండేళ్ల తర్వాత ఆయన గుంతకల్లులో పోయాడని తెలిసింది. గడియారం తీసుకుని ఆ అమ్మాయి దగ్గరకు వెళ్లి, ఉన్నదంతా చెప్పాను.

"సో, అది రియల్?"

"అవునమ్మా."

"తాత ఇండియా వెళ్లేదాకా నాకు ఎవ్రీ డే సారీ చెప్పారు, అంకుల్. ఖాళీ చేతులతో వచ్చాను అని. మీరు తాతకి ఒక్క కాల్ చేయలేదా?"

"ధైర్యం చాలలేదు."

"తాత చనిపోయాక వచ్చిందా ధైర్యం?"

గడియారం ఆమె ముందు పెట్టాను. ఆమె దాన్ని ముట్టుకోలేదు.

"నాకు వద్దు. తీసుకెళ్లండి."

ఒక్కసారైనా బతిమాలి ఉండవలసింది. బతిమాలలేదు. వద్దన్న మాట వినగానే నాలో ఒక మూల, ఇక ఇది నాదే అని ఊపిరి పీల్చుకుంది. దాన్ని తుడిచి జేబులో వేసుకుని కార్ ఎక్కాను.