గీత చెదరని బస్సు

మా ఆయన బస్సు డిపోలో ఫిట్టరు. చక్రాల నట్లు బిగించడం ఆయన పని. ఆ పనిని డిపోలోనే వదిలేసి ఇంటికొస్తే నాకీ గోల ఉండేది కాదు. మా ఇంట్లో కుక్కర్ పిడి మొదలుకొని తలుపు గడియ దాకా ప్రతి మర మీదా ఒక పసుపు గీత ఉంటుంది. నా కళ్లజోడు మరలకైతే గీత చాలదని ఏదో జిగురు కూడా పోశాడు. కొత్త అద్దాలు వేయించుకుందామని వెళ్తే షాపతను నానా తంటాలూ పడి, ఇది బిగించిన మహానుభావుడెవరమ్మా అని అడిగాడు. తెలీదన్నాను. ఎంతైనా మొగుడు కదా.

ఆ గీత సంగతి చెప్పాలి. నట్టు ఎంత గట్టిగా బిగించినా బస్సు కుదుపులకు మెల్లమెల్లగా తిరిగి వదులవుతుందట. ఆ తిరగడం కంటికి కనపడదు. అందుకని బిగించాక నట్టు మీంచి చక్రం రిమ్ము మీదికి ఒక్క గీత గీస్తారు. నట్టు తిరిగితే గీత రెండు ముక్కలై పక్కకు జరుగుతుంది. అప్పుడు పానా పెట్టి మళ్లీ బిగించాలి. డిపోకి ఈ పద్ధతి తెచ్చింది మా ఆయనే. అప్పట్నుంచి ఆయన పేరు గీతల మేస్త్రీ. ఎవరైనా అలా పిలిస్తే చాలు, మీసం దువ్వుకునేవాడు. నిజం చెప్పొద్దూ, నాకూ గర్వంగానే ఉండేది.

తర్వాత డిపో మేనేజరు ఒక రూలు పెట్టాడు. గీత చెదిరిన బస్సు గేటు దాటకూడదు. రూలు మంచిదే. కానీ రోజూ ఏవో కొన్ని బస్సులు ఆగిపోతుంటే పైనుంచి చీవాట్లు మేనేజరుకే పడ్డాయి. ఆయన బుర్ర గోక్కుని గోక్కుని ఒక ఉపాయం కనిపెట్టాడు. గీత అంటే రంగు. రంగు పని ఫిట్టర్లది కాదు, బస్సులు కడిగేవాళ్లది. అలా పసుపు డబ్బా మా ఆయన అలమారలోంచి కడిగే షెడ్డుకి వెళ్లింది. పాపం వాళ్లు చెప్పిన పని చేశారు. పొద్దున్నే ప్రతి బస్సూ కడిగి, ప్రతి నట్టు మీదా తళతళలాడే గీత గీసేవారు. ఇంకేముంది, ఆనాటి నుంచి ఆ డిపోలో ఒక్క గీతా చెదరలేదు.

మరి మా ఆయనేం చేశాడనేగా? డబ్బా పోయిందని కొన్నాళ్లు అలిగాడు. తర్వాత గీతలన్నీ తిన్నగా ఉండటం చూసి, అదంతా తన బిగింపు మహిమే అనుకున్నాడు. తిన్నగా ఉన్న గీత దగ్గర పానా పెట్టడం దేనికి? చేతులు వెనక్కి కట్టుకుని, అద్దెకిల్లు చూడటానికి వచ్చినవాడిలా బస్సుల మధ్య ఒక చుట్టు తిరిగి, టీ తాగడానికి పోయేవాడు.

నేను బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేస్తాను. రోజూ ఆ డిపో బస్సులోనే పోతాను. ఆయన మాత్రం సైకిలు మీద. ఆ మధ్య నా సీటు కింద, వెనక చక్రం దగ్గర, టకటకమని చప్పుడు మొదలైంది. ఆయనకు చెప్తే నవ్వాడు. నీ కుట్టుమిషన్ చప్పుడే చెవుల్లో ఉండిపోయింది అన్నాడు. నేను సతాయిస్తే మర్నాడు చూశాడు. గీత నిక్షేపంగా ఉందట. నాకు ఒళ్లు మండింది.

ఇంతలో పెద్దాఫీసు నుంచి కబురు. వదులు నట్టే లేని డిపో అని బహుమతి, మా ఆయనకు గోడగడియారం. సభ డిపో ఆవరణలోనే. ఆయన చొక్కా ఇస్త్రీ చేసిచ్చి, పూటకి సెలవడిగి నేనూ వెళ్లాను, అదే బస్సులో. టకటక కాస్తా గడగడ అయింది. దిగీ దిగగానే వంగి చూశాను. గీతలు ముచ్చటగా ఉన్నాయి. కానీ ఒక నట్టు మీద కొత్త గీత పక్కన పాత గీత, దాని పక్కన ఇంకా పాతది మసకగా కనిపించాయి. పట్టుకుని తిప్పితే సీసా మూతలా తిరిగింది. అంటే అది తిరిగిన ప్రతిసారీ పైన కొత్త గీత పడిందన్నమాట. నాతో పనిచేసే ఆడవాళ్లు ఫ్యాక్టరీకి పోవడానికి అప్పటికే ఆ బస్సెక్కుతున్నారు.

వేదిక మీద మేనేజరు ఉపన్యాసం సాగుతోంది. పక్క కుర్చీలో మా ఆయన కొత్త పెళ్లికొడుకులా కూర్చున్నాడు. వెళ్లి చెవిలో చెప్పాను. ఆయన ముఖం మాడిపోయింది.

"ముందు గడియారం తీసుకోనీ, తర్వాత చూద్దాం. నలుగురిలో నా పరువు తియ్యకు," అన్నాడు.

"సరే, తీసుకోండి. నేను ఆ బస్సెక్కి పోతున్నా," అన్నాను. "లేదంటే మీరూ రండి. రోజూ నేను కూర్చునే సీట్లోనే కూర్చుందురు గాని."

ఆయన నన్ను చూశాడు, బస్సును చూశాడు. ఇన్నేళ్లూ తను బిగించిన బస్సుల్లో ఒక్కటైనా ఎక్కని మనిషి. మేనేజరు గీతల మేస్త్రీ అని పిలిచి చప్పట్లు కొట్టిస్తుండగానే వేదిక దిగిపోయాడు. బస్సుకు అడ్డంగా నిలబడి పానా తెమ్మన్నాడు. చక్రం దగ్గర గొంతుక్కూర్చుని నట్లన్నీ పట్టి చూశాడు. సగం వేళ్లతోనే తిరిగాయి. ఒకటి చేతికే ఊడొచ్చింది. దాన్ని తీసుకెళ్లి పెద్దాఫీసరు ముందు, గడియారం పక్కన పెట్టాడు.

"గీతను నమ్మి పానా పెట్టడం మానేశానండీ. తప్పు నాదే," అన్నాడు.

పెద్దాఫీసరు ఆ నట్టును అటూ ఇటూ తిప్పి చూసి, దాని మీది రంగు మాత్రం చక్కగా ఉందని మెచ్చుకున్నాడు. ప్రకటించిన బహుమతి వెనక్కి తీసుకోవాలంటే బోలెడు రాతకోతలు కాబట్టి దాన్ని డిపోకే ఉంచేశారు. గడియారం మేనేజరు గదిలో గోడకు తగిలించారు. మా ఆయనకు మెమో వచ్చింది, బస్సు ఆలస్యం చేసినందుకు.

ఇప్పుడాయన సైకిలు ఎక్కడం లేదు. నాతోపాటే బస్సుకొస్తాడు. స్టాపులో బస్సాగగానే, డ్రైవరు ఎంత విసుక్కున్నా సరే, వంగి వెనక చక్రం నట్లన్నీ చేత్తో పట్టి చూస్తాడు. మడ్డి అంటిన ఆ చేత్తోనే నా చెయ్యి పట్టుకుని ఎక్కిస్తాడు. ఫ్యాక్టరీలో తెల్లగుడ్డ ముట్టుకోవాలి, కాబట్టి దిగగానే కడుక్కుంటాను. దిగేదాకా మాత్రం తుడుచుకోను.