లాల్‌దర్వాజా గల్లీలోకి కారులో కరెంటు తీసుకెళ్లిన రోజు

కారు కొన్న ఆరు నెలల్లో దాని గురించి నేను చెప్పని మనిషి లేడు. ఆఫీసులో చెప్పాను, అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌కు చెప్పాను, పెళ్లిళ్లలో పక్క కుర్చీలో కూర్చున్న పాపానికి ముక్కూమొహం తెలియని వాళ్లకు కూడా చెప్పాను. ఈ ఎలక్ట్రిక్ కారుకు చార్జింగ్ పెట్టే చోట ఒక అడాప్టర్ తగిలిస్తే బ్యాటరీలోని కరెంటును బయటికి తీసుకోవచ్చని, దానితో ఫ్యాను, ఫ్రిజ్, పొయ్యి ఏదైనా నడుపుకోవచ్చని. మా మియాపూర్ అపార్ట్‌మెంటులో జనరేటర్ ఉంది కాబట్టి ఆ అవసరం ఎప్పుడూ రాలేదు. ఒకసారి పార్కింగ్‌లో టేబుల్ ఫ్యాను తిప్పి నలుగురికి చూపించాను, అంతే. కాబట్టి గురువారం సాయంత్రం డిగ్రీలో నా బెంచీ మిత్రుడు యాదగిరి ఫోన్ చేసి, "శ్రీనూ, నీ కారుకెల్లి కరెంటు వస్తదంటివి గదా. నిజంగ వస్తదా, ఉత్తగనే జెప్పినవా?" అని అడిగినప్పుడు నాకు కోపం వచ్చింది, ఆ వెంటనే భయమూ వేసింది.

యాదగిరి లాల్‌దర్వాజాలో ఒక గల్లీలో అద్దెకుంటాడు, ఓ ప్రైవేటు కాలేజీలో క్లర్కు. అతని భార్య సుజాతకు ఊపిరితిత్తులు దెబ్బతిని రెండేళ్లయింది. గాలిలోంచి ఆక్సిజన్ తీసి సన్నటి గొట్టంలోంచి ముక్కుకు అందించే మిషన్ ఒకటి ఇంట్లో రాత్రింబవళ్లు నడుస్తూ ఉండాలి. శుక్రవారం ఆ ప్రాంతంలో కొత్త వైర్లు వేస్తారని, ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు దాకా కరెంటు ఉండదని కబురొచ్చింది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది గానీ బ్యాటరీ పాతబడి అరగంట కూడా ఆగదు. చిన్న సిలిండర్ ఒకటుంది, గంటన్నర వస్తుంది. ఇంతకుముందు ఇలాగే కరెంటు తీసినప్పుడు ఆమెను ఆసుపత్రికి తీసుకెళితే, మంచం ఖాళీ లేక వరండాలో స్ట్రెచర్ మీద ఎనిమిది గంటలు పడుకోబెట్టారట. "ఈసారి రానంటున్నది. ఏమైనా గానీ ఇంట్లనే ఉంటనంటున్నది. నాకు గుండె దడదడ అంటున్నది శ్రీనూ," అన్నాడు. యాదగిరి గొంతు అలా వినడం నాకు అదే మొదటిసారి.

మిషన్ వెనక అతికించిన చీటీ ఫొటో పంపమన్నాను. మూడువందల యాభై వాట్లు. ఎనిమిది గంటలకు మూడు యూనిట్లు. నా కారు బ్యాటరీ నలభై ఐదు యూనిట్లు. అంటే అటూఇటూ కలిపినా పదో వంతు చాలు. లెక్క తేలేసరికి నా ఛాతీ ఇంత పెద్దదయింది. డాక్టరును అడిగి సరేననిపించుకో, సిలిండర్ మాత్రం నింపి పక్కనే పెట్టుకో అని యాదగిరికి చెప్పి, కూకట్‌పల్లికి వెళ్లి ముప్పై మీటర్ల మందపాటి ఎక్స్‌టెన్షన్ వైరు కొన్నాను. మూడున్నర వేలైంది. ఇల్లు రోడ్డుకు ఎంత దూరమని అడిగితే యాదగిరి, "గిదే, బాజూకే," అన్నాడు. పాతబస్తీలో 'పక్కనే' అన్న ఆ మాటకు కొలత లేదని నాకు తెలిసి ఉండాల్సింది.

శుక్రవారం ఆరుంబావుకు మియాపూర్‌లో బయల్దేరాను, బ్యాటరీ ఎనభై ఎనిమిది శాతం. గచ్చిబౌలి మీదుగా మెహిదీపట్నం వచ్చేసరికి ఏడు. ఉత్త చేతులతో వెళ్లడమెందుకని గుడిమల్కాపూర్ పూల మార్కెట్ దగ్గర ఆగి మల్లెపూలు అడిగాను. పూలమ్మే ఆమె ఎవరికని అడిగింది. దమ్ము సమస్య ఉన్నామెకు అని చెబితే మల్లెలు తూకంలోంచి తీసేసింది. "గసొంటోల్లకు ఘాటు వాసన పడది బిడ్డా, చామంతులు తీస్కపో," అని అరకిలో కట్టింది, అరవై రూపాయలు. అక్కణ్నుంచి కార్వాన్, పురానాపూల్ దాటి శాలిబండ చేరేసరికి ఎనిమిది. మొత్తం ముప్పై కిలోమీటర్లలోపే. ఇటు వచ్చేవాళ్లు ఎనిమిది లోపు శాలిబండ దాటేయండి, ఆ తర్వాత దుకాణాలు తెరుచుకుని ట్రాఫిక్ బిగుసుకుంటుంది. గల్లీ ఎటని ఒక ఆటో డ్రైవరును అడిగితే నా కారును పైనుంచి కిందికి చూసి, "ఇత్తీ బడీ గాడీ అందర్? నక్కో భాయ్, ఫస్ జాతే," అన్నాడు. ఇరుక్కుపోతావన్న మాట నిజమే. గల్లీ మొదట్లో ఆరు బైకులు, ఓ తోపుడుబండి, ఆ పక్కన బియ్యం వ్యాపారి విఠల్‌సేఠ్ దుకాణం ముందు గోడలా పేర్చిన బస్తాలు. కారు రోడ్డు మీదే ఆపి నడిచాను. 'బాజూకే' అన్న ఇంటికి నూట పది అడుగులు లెక్కపెట్టాను. నావి పెద్ద అడుగులు. దాదాపు ఎనభై మీటర్లు.

నా వైరు సగం దూరం కూడా రాదు. అప్పుడు యాదగిరి ఎదురింటి నర్సింగ్‌ను పిలిచాడు. ఆయన బోనాలకు గల్లీ అంతా లైట్లు కట్టే మనిషి, ఇంట్లో వైరు చుట్టలు చుట్టలుగా ఉంటుంది. "ఏం ఫికర్ చేయకన్నా, గుడి నుంచి చౌరస్తా దాకా గీ వైరుతోనే కడ్తం," అంటూ నా వైరుకు తన వైరు మెలిపెట్టి, టేపు చుట్టి, కిటికీ ఊచల మీదుగా ఇంట్లోకి లాగాడు. ఆ వైరు సన్నగా ఉందని నాకు అనిపించింది. మిషన్ తినేది తక్కువే కదా అని ఊరుకున్నాను. తొమ్మిదికి కరెంటు పోయింది. గల్లీలో ఫ్యాన్లన్నీ ఆగిన ఆ నిశ్శబ్దంలో సుజాత మంచం మీద గభాల్న లేచి కూర్చుంది. యాదగిరి ప్లగ్గు మార్చాడు, మిషన్ మళ్లీ బుస్సుమంది. ఆమె మిషన్‌ను చూసింది, నన్ను చూసింది. "కారుకెల్లే వస్తున్నదా అన్నా?" అంది. నేను ఊరుకోవచ్చు కదా. "మిషనేంది సుజాతా, పొయ్యి పెట్టు, మిక్సీ పెట్టు, అన్ని నడుస్తయి," అన్నాను.

ఆ మాటే కొంప ముంచింది. ఆక్సిజన్ ఉన్న ఇంట్లో మంట పెట్టకూడదని యాదగిరి రెండేళ్ల కిందే గ్యాసు పొయ్యి తీసేశాడు. వాళ్ల వంటంతా ఇండక్షన్ స్టవ్ మీదే. పదింటికి నేనూ యాదగిరీ బయట అరుగు మీద కూర్చుని పాత లెక్చరర్ల కబుర్లు చెప్పుకుంటున్నాం. ముక్కుకున్న గొట్టం వెంట లాక్కుంటూ సుజాత మెల్లగా వంటగదిలోకి వెళ్లి, మిషన్ పెట్టిన ఎక్స్‌టెన్షన్ బోర్డుకే స్టవ్ ప్లగ్గు పెట్టి, చాయ్‌కి నీళ్లు పెట్టింది. రెండు వేల వాట్ల స్టవ్. కారుకు అది బరువేం కాదు. బరువైంది నర్సింగ్ మెలిపెట్టిన అతుకుకు. రెండు నిమిషాల్లో గల్లీ మధ్యలో అతుకు దగ్గర కాలిన వాసన వచ్చింది, టేపు కరిగి కారింది, లోపల కరెంటు అందక మిషన్ కీచుమని అరవడం మొదలుపెట్టింది.

యాదగిరి ఎలా లేచాడో, ఎలా లోపలికి వెళ్లాడో నాకు తెలియలేదు. నేను వెళ్లేసరికి గొట్టం సిలిండర్‌కు తగిలించేశాడు. పాత ఇన్వర్టర్ తొమ్మిదికి ముందే ఒకసారి పరీక్షించి చూసుకోవడంలో ఖర్చయిపోయింది. ఇక ఆ సిలిండర్‌లోని గంటన్నరే ఉంది. సుజాత వంటగది గుమ్మానికి ఆనుకుని నిలబడింది, పెదాలు పాలిపోయాయి. "ఇంటికొచ్చిన మనిషికి జెర చాయ్ ఇయ్యకపోతె ఎట్ల అనుకున్న," అంది. దమ్ము అందక ఆ ముక్క మూడు విడతల్లో చెప్పింది. యాదగిరి ఆమెను కసరబోయి ఆగిపోయాడు. ఆమెది తప్పెలా అవుతుంది? అన్నీ నడుస్తాయని డంబాలు పలికింది నేను.

మార్గం ఒక్కటే. వైరు ఇంటికి రాకపోతే కారే ఇంటి ముందుకు రావాలి. నర్సింగ్ గల్లీ అంతా తిరిగి తలుపులు కొట్టాడు. బైకులు ఒక్కొక్కటీ ఇళ్లలోకి ఎక్కాయి. తాళం వేసి పనికి వెళ్లిపోయిన వాళ్ల బైకును నలుగురు ఎత్తి అరుగు మీద పెట్టారు. తోపుడుబండి చౌరస్తాకు వెళ్లింది. మిగిలింది విఠల్‌సేఠ్ బస్తాలు. ఆయన గద్దె మీద కూర్చుని, "ఇప్పుడే దింపిన మాల్ భాయ్, హమాలీలు చాయ్‌కి వోయిన్రు. అర్ధగంట ఆగున్రి," అన్నాడు. నర్సింగ్, "సేఠ్, సుజాతక్క మిషన్ బందయింది," అన్నాడు. అంతే. అరవై దాటిన ఆ మనిషి చొక్కా చేతులు పైకి మడిచి గద్దె దిగి, మొదటి బస్తా తనే భుజానికెత్తుకున్నాడు. "అర్ధగంట అన్న నా నోట్లె మన్ను పడ," అని తనను తానే తిట్టుకున్నాడు. ఆ వెనకే ఎవరెవరో వచ్చారు. పావుగంటలో నలభై బస్తాలు దుకాణం లోపలికి చేరాయి.

అద్దాలు మడిచి, కారును రివర్సులో గల్లీలోకి దించాను. అటు ఇటు రెండేసి వేళ్ల సందు. ముందొకరు, వెనకొకరు, మేడ మీంచి ఒకావిడ, ముగ్గురూ మూడు రకాలుగా చెబుతున్నారు. మలుపు దగ్గర ఎడమ తలుపు ఒక గోడకు రాసుకుంది. ఆ చప్పుడు నా పళ్లలో వినిపించింది. బాధ లేదని అబద్ధం చెప్పను, కానీ ఆగలేదు. పదకొండుకు ఐదు నిమిషాల ముందు కారు యాదగిరి గుమ్మం ముందు నిలబడింది. నా మందపాటి వైరు మాత్రమే, అతుకు లేకుండా, నేరుగా మిషన్‌కు. మిషన్ బుస్సుమనగానే గల్లీలో చప్పట్లు కొట్టారు. సిలిండర్‌లో ఇంకా ముప్పావుగంట మిగిలే ఉంది. సేఠ్ వాళ్లింట్లో గ్యాసు మీద పెట్టించి పంపిన చాయ్ తాగుతూ, సుజాత చూస్తుండగానే యాదగిరి స్టవ్‌ను తీసి బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఆమె చామంతులు ఒళ్లో పెట్టుకుని నవ్వింది, దమ్ము ఆగేంత కాదు గానీ, నవ్వే.

మధ్యాహ్నం నర్సింగ్ ఇంటి నుంచి పచ్చిపులుసు, ముద్దపప్పు వచ్చాయి. రెండున్నరకు సుజాత పడుకుంది. కాసేపటికి యాదగిరి బయటికొచ్చి నా పక్కన కూర్చున్నాడు. కళ్లు తుడుచుకున్నాడు. "నిద్రవోయింది శ్రీనూ. కరెంటు లేనప్పుడు గీమె నిద్రపోంగ రెండేండ్లల్ల నేను చూళ్లే. ఫ్యాన్ ఆగితే సాలు, లేసి కూసుండి మిషన్ దిక్కే చూస్తుండె," అన్నాడు. ఐదుకు పది నిమిషాలుండగా కరెంటు వచ్చింది. గల్లీలో ఎవరో "వచ్చింది!" అని కేకేస్తే విఠల్‌సేఠ్ పరుగున వచ్చి నోటి మీద వేలేసి అందరినీ ఊరుకోబెట్టాడు. ఇప్పుడు మిషన్ ప్లగ్గు ఇంటి కరెంటుకు మార్చాలంటే ఒక్క క్షణం ఆపాలి, ఆపితే అది అరుస్తుంది. ప్లగ్గు దగ్గర నిలబడి యాదగిరి నా వంక చూశాడు. ఉంచెయ్ అని చేత్తో సైగ చేశాను.

ట్రాఫిక్ పెరగకముందే ఐదుంబావుకు బయల్దేరాలని పొద్దున్నే అనుకున్నాను. ఆరు నలభై దాకా ఆ అరుగు మీదే కూర్చున్నాను. గల్లీ అంతా లైట్లు వెలిగాయి, ఒక్క యాదగిరి ఇంట్లో మాత్రం మిషన్ కారు కరెంటు మీదే నడుస్తోంది. లోపల ఒక మనిషి భయం లేకుండా నిద్రపోతోంది. రోజంతా వాడితే బ్యాటరీ పదమూడు శాతం తగ్గింది. మీరూ ఇలా ఎవరింటికైనా కరెంటు తీసుకెళ్లేటట్టయితే అతుకు లేని మందపాటి వైరు, నిండు సిలిండర్ ఉండాలని ఈపాటికి మీకే అర్థమయ్యుంటుంది. నేను చెప్పే సలహా ఒక్కటే. తిరిగొచ్చే టైము పెట్టుకోకండి. కరెంటు వచ్చినా ఆమె ఇంకా నిద్ర లేవకపోవచ్చు.