ఒకే చిరునామా, రెండు పెట్టెలు

సెంబవాంగ్ వెనక శిబిరంలో దిగేసరికి ఉదయం ఏడు పది. సన్నటి వాన. ఈ ద్వీప దేశంలో మగ పౌరులకు సైన్యంలో కొలువు తప్పనిసరి; అది ముగిసినవాళ్లని ఏడాదికోసారి మళ్లీ పిలుస్తారు. ఈసారి రెండు వారాలు. ఒక సంచి, ఒక హెల్మెట్, నా పొట్ట ఒప్పుకోని పాత యూనిఫాం. బయట ఐటీ బూమ్ నడుస్తోంది. లోపల బూమ్ అంటే ఫిరంగి.

సార్జెంట్ నా కాగితం చూశాడు. "బయట కంప్యూటర్ పనా? అయితే ఈ నెట్‌వర్క్ నీదే లా." మాట చివర 'లా' ఇక్కడివాళ్ల అలవాటు.

శిబిరం పక్క గుట్ట మీద యాంటెన్నా స్తంభం, దాని కింద హెచ్చరికలు అందుకునే కంప్యూటర్; మూడో రోజు తేమకు అది చచ్చింది. ప్రతి నెట్‌వర్క్ కార్డుకూ తయారీలోనే ఒక చిరునామా రాసిపెడతారు. జాబితాలో ఉన్న చిరునామాలనే మా నెట్‌వర్క్ రానిస్తుంది. కొత్తది చేర్చాలంటే ఫారం, రెండు సంతకాలు, రెండు రోజులు. నేను కొత్త కంప్యూటర్‌కు చచ్చినదాని చిరునామానే తగిలించాను. ఐదు నిమిషాల పని. శభాష్ అన్నారు. చచ్చినది లేచి వస్తుందని అనుకోలేదు.

తొమ్మిదో రోజు, మధ్యాహ్నం మూడు నలభై. ఉత్తరాన మబ్బు నల్లబడింది. పిడుగు హెచ్చరిక వచ్చింది: ఎత్తున ఉన్నవాళ్లంతా దిగాలి. గుట్టకు పంపాను. "అందింది" అని తెర మీద జవాబు. కిటికీలోంచి చూశాను. యాంటెన్నా స్తంభం మీద లైన్‌మన్ ఇంకా నట్లు బిగిస్తున్నాడు. హైదరాబాద్ కుటుంబం వాడు, నన్ను అన్నా అంటాడు.

అంతలో కింద శిబిరంలో సామాన్ల గది చూసే స్టోర్‌మన్ ఫోన్. "రిపేరైన పాత కంప్యూటర్ పెట్టి చూస్తున్నా. పిడుగట, దిగమంటోంది. ఓకే నొక్కేశా. నేను కిందే ఉన్నా కదా!"

ఒకే చిరునామాతో రెండు పెట్టెలు. హెచ్చరిక స్టోర్‌కు పోయింది. రేడియో అందుకున్నాను.

"దిగు భాయ్, వెంటనే!"

"రెండే నట్లున్నయ్ అన్నా. వార్నింగ్ రాలే గదా?"

"వచ్చింది. నా తప్పు వల్ల వేరే చోటికి పోయింది. దిగు!"

వాన దట్టమై కిటికీలోంచి గుట్ట కనబడలేదు. రెండు నిమిషాలకు మెరిసింది. ఆ తెల్లటి వెలుగులో స్తంభం పైన మనిషి ఆకారం. వెంటనే చప్పుడు. పిలిచాను. మళ్లీ పిలిచాను. వాచీలో నలభై సెకన్లు.

"దిగి, కింద గుంటలున్న అన్నా. పైనున్నది నా రెయిన్‌కోటు. ఉడకబోస్తుంటే ఇప్పి తగిలించిన."

సార్జెంట్‌కు అంతా ఒప్పుకున్నాను. ఆయన తిట్టలేదు. ఫారం చేతికిచ్చి, "రెండు రోజులు ఎక్కువయ్యాయా నీకు?" అన్నాడు. తిట్టుంటే బాగుండేది.

పద్నాలుగో రోజు సాయంత్రం ఇంటికి జురాంగ్ ఈస్ట్ రైలెక్కాను. ఇంట్లో ఏం చేశావని అడిగితే, కంప్యూటర్లు చూసుకున్నానని చెప్పాను.

ఇప్పటికీ మెరుపు మెరిస్తే ఆ స్తంభం కనిపిస్తుంది. దాని మీద ఉన్నది రెయిన్‌కోటని నాకు తెలుసు. నా కళ్లకు తెలియదు.