ఎల్లారావు చెప్పిన సాక్ష్యం

ఎల్లారావు బాప్తిస్మం తీసుకున్న రోజున వాళ్ళమ్మ పోతమ్మ పడీ పడీ నవ్వింది. పుట్టినప్పట్నుంచీ ఆ సముద్రంలోనే నానుతున్నవాడికి ఇంకోసారి మునిగితే కొత్తగా ఏమొస్తుందని ఆవిడ అనుమానం. వచ్చింది. అబద్ధం నోటికి రాని జబ్బు వచ్చింది. అంతకుముందు నిన్నటి చేపని ఇవాళ్టిదని ఒట్టేసి అమ్మగలిగినవాడు, ఆ తరవాత నీళ్ళు నమలడం మొదలుపెట్టాడు. వేట గిట్టుబాటు కాక ఇల్లు కష్టంగా ఉన్న రోజులవి. డెబ్బై ఆరులో అక్క సీతాలు మొగుడు పోలిరాజు, వాళ్ళ కాళ్ళూ వీళ్ళ కాళ్ళూ పట్టుకుని, హార్బర్లో సరుకు దింపే కంపెనీలో తన పక్కనే కలాసీగా చేర్పించాడు.

మరుసటి ఏడు వానల్లో ఒక మధ్యాహ్నం, ఎరువుల ఓడ అడుగున ఎల్లారావు, తోటి కలాసీ అబ్బులు కలిసి బస్తాలు వలలోకి ఎత్తుతున్నారు. పైన వించి, అంటే సరుకు ఎత్తి దించే యంత్రం, పోలిరాజు చేతిలో ఉంది. పోలిరాజు అన్నం వేళ కల్లు తాగి వచ్చాడు. బస్తాల వల పైకి లేస్తూండగా ఎల్లారావు తలకి చుట్టుకున్న తువ్వాలు జారిపోయింది. తీసుకుందామని పక్కకి వెళ్ళాడో లేదో, వల దభాలున కిందికి వచ్చేసింది. అబ్బులు కాలు విరిగింది. ఎల్లారావు తువ్వాలు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

కంపెనీ వాళ్ళు అడిగితే, వల కొక్కెం నుంచి జారిందని అందరూ ఒకే మాట చెప్పారు. ఎల్లారావుని ఎవరూ అడగలేదు. అడగనందుకు అతను దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాడు కూడా.

ఆదివారం వచ్చింది. ప్రార్థన పాకలో పాటలయ్యాక ఎవరో ఒకరు లేచి సాక్ష్యం చెప్పడం వాడుక. దేవుడు తమకి చేసిన మేలు నలుగురిలో చెప్పుకోవాలి. మేలు చెప్పాలంటే ముందు ఆపద చెప్పాలి. ఆపద ఎంత పెద్దదైతే హల్లెలూయ అంత గట్టిగా వస్తుంది. ఎల్లారావు లేచాడు. తువ్వాలు జారిన దగ్గర ఒక హల్లెలూయ, వల పడిన దగ్గర ఇంకొకటి వచ్చేసరికి మనిషికి ఊపు వచ్చేసింది.

"మా బావ కల్లు తాగొచ్చి వించి అట్టుకున్నాడు. మనిసి సెయ్యి వొదిలేసింది గానీ పెబువు సెయ్యి వొదల్లేదు" అన్నాడు.

పాక దద్దరిల్లింది. ముందు చాప మీద కూర్చున్న కంపెనీ గుమాస్తా కూడా చప్పట్లు కొట్టాడు. సోమవారం వెళ్ళి ఆఫీసులో చెప్పాడు. ఆయన చెప్పిందీ నిజమే. నిజం చెప్పేవాళ్ళకి ఆ వారం కరువు లేకపోయింది.

ఆఫీసరు ఎల్లారావుని పిలిపించి, చర్చిలో సాక్ష్యం చెప్పావట కదా, అదే ఇక్కడా చెప్పమన్నాడు.

"అది దేవుడి సాచ్చెం బాబూ. ఇక్కడ సెప్పీది కాదు."

"దేవుడికొకటీ నాకొకటీ ఉంటాయా?"

ఉంటాయనే ఇన్నాళ్ళూ అనుకున్నాడు. ఉండవేమో అని అప్పుడే అనిపించింది. మర్నాడు చెబుతానని గడువు అడిగి పాస్టరుగారి దగ్గరికి పరుగెత్తాడు. నిజమే చెప్పమన్నారాయన. మరి అక్క పిల్లలు ఏం తింటారని అడిగితే ప్రార్థన చేద్దామన్నారు. చేశారు. కళ్ళు మూసుకుంటే ఒకసారి అబ్బులు కట్టుకాలూ, ఒకసారి అక్క పొయ్యీ కనబడ్డాయి తప్ప జవాబు రాలేదు. పనిలో పెట్టిన మనిషిని పనిలోంచి తీయించాలా? కాలు విరిగినవాడికి ఎలా విరిగిందో చెప్పకూడదా? ఎటు తిరిగినా పాపమే కనబడింది.

మర్నాడు చెప్పేశాడు. ధైర్యం వచ్చి కాదు, అబద్ధం నోటికి రాక. పోలిరాజుని పనిలోంచి తీసేశారు.

పోలిరాజు ఆఫీసు వరండాలో అతని కోసం ఆగి ఉన్నాడు. తిట్టలేదు. తిడితే ఎంత బాగుండును.

"మీ దేవుడు నిన్ను పక్కకి లాగేడు, బాగానే ఉంది బామ్మర్దీ" అన్నాడు. "మద్దిలో నన్నెందుకు లాగేవు?"

ఎల్లారావు అక్క ఇంటికి బియ్యం పంపిస్తే తిరిగి వచ్చాయి.

ఆ తరవాతి ఆదివారం, ఎన్నడూ ఆ పాక గడప తొక్కని సీతాలు వచ్చి వెనకాల కూర్చుంది. సాక్ష్యం ఎవరు చెబుతారని పాస్టరుగారు అడగ్గానే ఆమె లేచింది.

"మా తమ్ముణ్ణి మీ దేవుడు బతికించేడు. నాను కాదన్ను. మా ఇంట్లో పొయ్యి ఎలగట్నేదు. ఇదీ ఆయన సేసిందేనా? ఇదీ సాచ్చెమేనా, ఇక్కడ సెప్పకూడదా?"

పాస్టరుగారు బైబిలు పేజీలు తిప్పుతున్నారు. సాక్ష్యం అయిపోగానే అనే మాట, అలవాటు కొద్దీ, ఎల్లారావు నోట్లోంచి వచ్చేసింది.

"హల్లెలూయ" అన్నాడు, ఒక్కడే.

ఎందుకన్నాడో అతనికే తెలియలేదు. సీతాలు తిరిగి తమ్ముడి వంక చూసింది.